ఏనుగు వద్దంటే ఆట ఆగుతుందా?

1994 ఆగస్టులో అమెరికాలోని హొనొలులులో సర్కస్ ఆట మధ్యలోనే టైక్ అనే ఆడ ఏనుగు తిరగబడింది. తనను చూసుకునే పనివాణ్ణి తీవ్రంగా గాయపరిచింది. కాపాడబోయిన శిక్షకుణ్ణి చంపేసింది. ప్రేక్షకులు హాహాకారాలు చేస్తుండగా బయటపడి నడిరోడ్డున పరుగులు తీసింది. పోలీసులు వెంటపడి కాల్చారు. 80కి పైగా తూటాలు పేల్చాక అది కుప్పకూలింది. అప్పటికి దాని వయసు ఇరవై ఏళ్లు.

ఇలాంటిది జరిగినప్పుడల్లా ఏనుగుకి పిచ్చెక్కిందని సరిపెట్టుకుంటాం. కానీ టైక్ అంతకు ముందు ఏడాదే, 1993లోనే, రెండుసార్లు తప్పించుకుని పారిపోయింది. ఒకసారి పెన్సిల్వేనియాలోని అల్టూనాలో, ఇంకోసారి నార్త్ డకోటాలోని మైనాట్‌లో. రెండుసార్లూ పట్టి తెచ్చి మళ్లీ ఆటలోకి దించారు. ఈ ఆట నాకొద్దని ఒక ఏనుగు ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పగలదో నాకు తెలియదు.

సర్కస్‌లో జంతువుల గురించి మాట వచ్చినప్పుడు చర్చంతా ఒకే చోట తిరుగుతుంది. కొడతారా, కొట్టరా? తిండి సరిగ్గా పెడతారా, లేదా? సర్కస్ వాళ్లు మా పిల్లల్లా చూసుకుంటాం అంటారు. ఎదుటివాళ్లు రహస్యంగా తీసిన వీడియోలు చూపిస్తారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉండొచ్చు. పులిపిల్లకి సీసాతో పాలు పట్టి, రాత్రంతా మేలుకుని పెంచిన శిక్షకులు ఉన్నారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. నేను అడిగేది వేరు. ఇవాళ నాకు ఓపిక లేదు, నేను రాను అని ఆ జంతువు మొరాయిస్తే సాయంత్రం ఆరు గంటల ఆట ఆగుతుందా? టిక్కెట్లు అమ్ముడుపోయాయి, జనం వచ్చి కూర్చున్నారు, బ్యాండు మొదలైంది. శిక్షకుడు ఎంత మంచివాడైనా ఆ క్షణంలో జంతువు మాట వినే వీలు అతనికి లేదు. అతని మంచితనం పనిచేయకుండా చేసే ఏర్పాటు టిక్కెట్టు కౌంటర్ దగ్గరే జరిగిపోయింది.

చిన్నప్పుడు నేనూ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. చిన్న స్టూలు మీద నాలుగు కాళ్లూ కూడదీసుకుని నిలబడ్డ ఏనుగును నోరు తెరుచుకుని చూశాను. ఆట అయ్యాక దాన్ని దగ్గర్నుంచి చూద్దామని డేరా వెనక్కి వెళ్లాం. ముందు కాలికొకటి, వెనక కాలికొకటి గొలుసులు. ఏనుగు ఊగుతోంది. తల ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి. తొండం చివర తగిలి తగిలి నేల మీద నెలవంకలా ఒక గాడి పడింది. లోపల మైకులో పాట వస్తుంటే, చూడు, పాటకి డాన్స్ చేస్తోంది అన్నారు పక్కనెవరో. అందరం నవ్వాం. పాట ఆగిపోయింది. ఏనుగు ఊగుతూనే ఉంది.

అదేమిటో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మైళ్ల కొద్దీ నడిచి, గుంపుతో కలిసి బతకాల్సిన జీవిని కదలనివ్వకుండా కట్టేస్తే, చేయడానికి ఏమీ లేక చేసిన కదలికే మళ్లీ మళ్లీ చేస్తుంది. బోనులో పులి ఈ చివర నుంచి ఆ చివరకి ఆపకుండా తిరగడం కూడా ఇలాంటిదే. ప్రేక్షకుడికి కనిపించేది పది నిమిషాల విన్యాసం. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో వెలువరించిన సమీక్ష ప్రకారం సర్కస్ జంతువులు ఆటకీ, శిక్షణకీ కలిపి రోజులో వెచ్చించేది 1 నుంచి 9 శాతం సమయమే. మిగతాదంతా ఎక్కువగా బోనులో, బండిలో, గొలుసుతోనే గడిచిపోతుంది. డేరా పీకి ఇంకో ఊరికి వెళ్లడమే సర్కస్ బతుకుతెరువు కాబట్టి, జంతువు కోసం విశాలమైన శాశ్వత చోటు కట్టడం దానివల్ల అయ్యే పని కాదు.

ఇక్కడ ఎదుటి పక్షానికి అనుకూలమైన సంగతి కూడా చెప్పాలి. 2007లో బ్రిటన్ ప్రభుత్వం కోసం ఈ విషయం పరిశీలించిన నిపుణులు, సర్కస్ జంతువుల బతుకు జూలోనో మరోచోటో బందీగా ఉన్న జంతువుల బతుకు కంటే హీనమని తేల్చడానికి శాస్త్రీయ ఆధారాలు చాలవన్నారు. సర్కస్ యజమానులు దాన్ని పదే పదే ఉదహరించారు. అయినా బ్రిటన్ 2019లో చట్టం చేసి, 2020 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో సంచార సర్కస్‌లలో అడవి జంతువుల్ని వాడకుండా ఆపింది. సైన్సు లెక్క తేలకపోయినా, నైతిక కారణాలతోనే ఈ పని చేస్తున్నామని ప్రభుత్వం చెప్పుకుంది. అది సరైన దారి అనే నా నమ్మకం. ఒక జంతువు ఎంత బాధపడుతోందో కొలిచి తేల్చేదాకా దాన్ని ఆడిస్తూనే ఉంటామనడంలో న్యాయం లేదు.

అంకుశం సంగతి కూడా ఇక్కడే చూడాలి. ఏనుగు చర్మం మందమని మనకో నమ్మకం. చెవుల వెనక మాత్రం అది పలచగా, సున్నితంగా ఉంటుంది. అంకుశం కొస తగిలేది అక్కడే. అమెరికాలో రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్ మీద జంతు సంక్షేమ సంఘాలు వేసిన కేసు 2009లో విచారణకు వచ్చింది. యజమాని కెన్నెత్ ఫెల్డ్ స్వయంగా కోర్టులో సాక్షి బోనెక్కి, తమ సిబ్బంది ఏనుగుల్ని అంకుశాలతో చెవుల వెనక, గడ్డం కింద, కాళ్ల మీద కొట్టడం నిజమేనన్నారు. ఏనుగుల్ని అదుపులో ఉంచాలంటే అది తప్పదని, దానివల్ల వాటికి హాని లేదని ఆయన వాదన. ఆ కేసు వేసినవాళ్లు ఓడిపోయారు. వాళ్ల ముఖ్య సాక్షికి వాళ్లే డబ్బు ఇచ్చారని తేలింది. తర్వాత ఆ సంఘాలే సర్కస్ కంపెనీకి 2012లో, 2014లో కలిపి సుమారు రెండున్నర కోట్ల డాలర్లు కట్టుకున్నాయి. గెలుపోటములు పక్కన పెడితే, నాకు మిగిలింది యజమాని చెప్పిన ఆ ఒక్క మాట. అంకుశం లేనిదే ఏనుగును ఆడించలేమని. దుర్మార్గుడైన మావటి ఎవరో దొంగచాటుగా చేసే పని గురించి కాదు ఆయన చెప్పింది. మామూలు రోజున మామూలు ఆట ఎలా నడుస్తుందో చెప్పారు.

అలాంటప్పుడు చూసేవాడి పాత్ర ఏమిటి? అమెరికన్ రచయిత జాక్ లండన్ దీనికి నూరేళ్ల కిందటే జవాబు రాశారు. 1917లో వెలువడిన తన నవల ముందుమాటలో ఆయన పాఠకుల్ని చందాలు అడగలేదు, ఊరేగింపులు చేయమనలేదు. ప్రదర్శనలో జంతువుల వంతు రాగానే లేచి బయటకు వెళ్లిపోండి, అది ముగిశాక మళ్లీ వచ్చి కూర్చోండి అన్నారు. మరుసటి ఏడాదికే ఆయన పేరున సంఘాలు పుట్టుకొచ్చాయి. 1925లో రింగ్లింగ్ సర్కస్ క్రూరమృగాల ఆటల్ని ఆపేసింది. కొన్నేళ్లకు అవి తిరిగొచ్చాయి, నిజమే. ఖాళీ అయిన కుర్చీని మించిన భాష మరేదీ యజమానికి అర్థం కాదని మాత్రం అప్పుడే తేలిపోయింది.

ఆ సంస్థే 2016 మేలో ఏనుగుల ఆటకు స్వస్తి పలికింది. టిక్కెట్ల అమ్మకం పడిపోయింది. ఏడాది తిరిగేసరికి సర్కసే మూతపడింది. ఏనుగులు లేకపోతే జనం రారని వాదించినవాళ్ల మాటే నెగ్గినట్టయింది. వందలమంది ఉపాధి పోయింది. ఈ నష్టాన్ని చిన్నదిగా చూపడం నాకిష్టం లేదు. తరతరాలుగా డేరాల్లోనే పుట్టి పెరిగినవాళ్లకి వేరే పని నేర్చుకోవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. నిషేధం పెట్టే ప్రభుత్వం వాళ్ల బతుకు బాధ్యత కూడా తీసుకోవాలి. అదే రింగ్లింగ్ 2023లో ఒక్క జంతువు కూడా లేకుండా మళ్లీ ఆట మొదలుపెట్టింది. 1984లో పుట్టిన సర్క్ దు సొలై అనే కెనడా సర్కస్ మనుషుల విన్యాసాలతోనే ప్రపంచమంతా తిరిగింది. ఉయ్యాల మీంచి గాల్లోకి ఎగిరే మనిషికీ ప్రాణభయం ఉంటుంది, కడుపు కోసమే చేస్తాడు కూడా. కానీ భుజం నొప్పిగా ఉంది, ఇవాళ నావల్ల కాదు అని అతను నోరు తెరిచి చెప్పగలడు.

గుర్రాలు, కుక్కల మాటేమిటని అడుగుతారు. 1768లో ఫిలిప్ ఆస్ట్లీ లండన్‌లో మొదలుపెట్టిన ఆధునిక సర్కస్ గుర్రపు స్వారీతోనే పుట్టింది. యజమానితో ఆడుకోవడం కుక్కకి ఇష్టమని అందరికీ తెలుసు. పులికి వర్తించేదంతా కుక్కకి వర్తిస్తుందని నేననను. అడగాల్సిన ప్రశ్న మాత్రం మారదు. అది తోక ముడుచుకుని ఓ మూల పడుకుంటే ఆ రోజుకి వదిలేస్తారా?

చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా వస్తున్నాయి. బొలీవియా 2009లో సర్కస్‌లలో అన్ని జంతువుల్నీ నిషేధించింది. 2011లో అక్కడి 25 సింహాల్ని విమానంలో అమెరికాలోని కొలరాడో అభయారణ్యానికి తరలించారు. ఫ్రాన్స్ 2021లో చేసిన చట్టం 2028 చివరికి సంచార సర్కస్‌లలో అడవి జంతువుల ఆటకు ముగింపు పెడుతుంది. భారత ప్రభుత్వం 1998లోనే పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతుల ఆటను నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ జాబితాలో ఏనుగు లేదు.

నిషేధం తర్వాత జంతువులు ఏమవుతాయన్నది న్యాయమైన ప్రశ్నే. పుట్టిందగ్గర్నుంచి బోనులో ఉన్న సింహం అడవిలో బతకలేదు. డెన్మార్క్ చేసిన పని ఈ విషయంలో నాకు బాగా నచ్చింది. 2019లో అక్కడి ప్రభుత్వం దేశంలో మిగిలిన చివరి నాలుగు సర్కస్ ఏనుగుల్ని 1.1 కోట్ల క్రోనర్లు పెట్టి కొంది. వాటిలో ఒకదాని పేరు రాంబొలీన్. సర్కస్‌లో దానికి తోడుగా వేరే ఏనుగేదీ లేదు, ఆలీ అనే ఒంటెతో స్నేహం కుదిరింది. ఏనుగును తీసుకెళ్లేముందు అధికారులు ఆ సంగతి గమనించారు. ఒంటెను కూడా కొన్నారు.