మా నాయన ‘అదే... అదే’

పక్షవాతంతో మాట పోవడం గురించి మీరు రాసిన వ్యాసంలో, 1861లో పారిస్‌లో డాక్టర్ బ్రోకా చూసిన రోగి ‘టాన్’ తప్ప దాదాపు ఇంకో మాట అనలేకపోయేవాడని చదివి మా నాయన గుర్తొచ్చాడు. మాది కావలి దగ్గర పల్లె. స్ట్రోక్ వచ్చాక ఆయన నోట ‘అదే... అదే’ ఒక్కటే. చూడొచ్చినవాళ్లంతా చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా అరిచేవాళ్లు. ఆయనకు అన్నీ అర్థమవుతానే ఉన్నాయి, పాపం.

విచిత్రం ఏందంటే, ‘ఏడు’ అనమంటే రాదు. ఒకటి నుంచి లెక్కపెట్టమంటే గడగడా పది దాకా పోతాడు! కుక్క గుమ్మం ఎక్కితే తిట్టు కూడా స్పష్టంగా వచ్చేది. అలవాటుగా దొర్లే మాటలు ఇలా మిగులుతాయని తర్వాత తెలిసింది. స్పీచ్ థెరపీ అనేది ఒకటుందని ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు.

వ్యాసంలోని ఉదాహరణలన్నీ ఇంగ్లీషువే. అక్కడ రోగి నోట క్రియకు చివర ఉన్నది (‘గోయింగ్’లో ‘ఇంగ్’ లాంటిది) రాలిపోయినా ‘గో’ అని ఒక మాట మిగులుతుంది. మనకు ‘వచ్చాడు’లో ‘ఆడు’ తీసేస్తే మిగిలేది మాటే కాదు. నాయన అమ్మను చూపిస్తా ‘వచ్చాడు’ అనేవాడు. మాట చివరి ప్రత్యయం పోలేదు, తారుమారైంది. తెలుగు రోగుల మాట మీద కూడా ఒక వ్యాసం రాయండి సార్.