మహారాజశ్రీ టాప్ టెన్ రెజ్లర్ల జాబితా గారికి

మహారాజశ్రీ 'సర్వకాలాల్లోనూ గొప్ప పదిమంది ప్రొఫెషనల్ రెజ్లర్లు' అనే జాబితా గారి దివ్యసముఖానికి,

అయ్యా,

ఏడాదికి మీరు ఎన్నిసార్లు పుడతారో మీకే లెక్క తెలియదు. డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా రెజ్లింగ్ కంపెనీ ఏటా జరిపే పెద్ద పండగ రెజిల్‌మేనియాకి ముందొకసారి, అయ్యాక ఒకసారి, ఎవరైనా రిటైరైతే ఒకసారి. ఎవరైనా పోతే దినవారాలు కూడా కాకముందే ఇంకోసారి. పోయినవాళ్ళు అదే రోజు రెండు మెట్లు పైకెక్కడం మీ ఇంట ఆనవాయితీ. బతికుండగా ఏడో నంబరులో మగ్గినవాడికి ఆ గౌరవం ఏం ఉపయోగమో మీరే సెలవియ్యాలి.

మీ తయారీ విధానం మాకు కొత్తేం కాదు. పది ఖాళీలు తీసుకోవాలి. అందులో నాలుగు రిజర్వుడు: హల్క్ హోగన్, రిక్ ఫ్లేర్, స్టీవ్ ఆస్టిన్, అండర్‌టేకర్. వీళ్ళని ఏ వరసలో పెట్టినా సగంమంది తిడతారు కాబట్టి వరస గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఐదోది రాక్‌కో జాన్ సీనాకో వెళ్తుంది. రాసేవాడు ఏడో తరగతి చదివింది 1999లోనా, 2006లోనా అన్నదాన్ని బట్టి అది తేలిపోతుంది. ఆరు, ఏడు బ్రెట్ హార్ట్‌కీ షాన్ మైకేల్స్‌కీ. 1997 నవంబరులో మాంట్రియల్లో బ్రెట్‌కి చెప్పకుండా గంట కొట్టించి షాన్‌కి ఛాంపియన్‌షిప్ కట్టబెట్టిన బాగోతం తర్వాత కూడా ఆ ఇద్దరినీ పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెట్టడం మీ కొంటెతనం. ఎనిమిదిలో ఒక జపాన్ పేరు వేయాలి. మిసావా అనో, ఒకాడా అనో రాస్తే రాసినవాడు నాలుగూ చూసినవాడని జనానికి తెలుస్తుంది. తొమ్మిదిలో ఆండ్రే ది జెయింట్, ఫొటో నిండుగా ఉంటుంది గనక. అసలు కీలకమంతా పదో నంబరులో ఉంది. అక్కడ ఎవడూ ఒప్పుకోని పేరు పెట్టాలి. లేకపోతే జనం మిమ్మల్ని చదివి, బాగుందనుకుని, అన్నం తినడానికి వెళ్ళిపోతారు.

మీ వంశవృక్షం కూడా తెలుసు. మీ తాతగారు ట్రంప్ కార్డుల పెట్టె. తొంభైల్లో పెరిగిన పిల్లలకి రెజ్లింగ్ అంటే ముందు ఆ ముక్కలే, తర్వాతే టీవీ. ముక్క మీద ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ర్యాంకు. ఎదుటివాడి ముక్క లాక్కోవడానికి రెండంగుళాల ఛాతీ ఎక్కువుంటే చాలు. ఆ ర్యాంకు ఎవరిచ్చారు, ఏ పరీక్ష పెట్టి ఇచ్చారు అని అడిగిన పిల్లవాడు లేడు. ఆండ్రే ఏడడుగుల నాలుగంగుళాలు, 520 పౌండ్లు అని కంపెనీ చెప్పింది, అందరూ నమ్మారు. అయితే తాతగారి దగ్గర ఒక మంచి గుణం ఉండేది. ఆట అయ్యాక రబ్బరు బ్యాండు వేస్తే నోరు మూసుకునేవారు.

ఇప్పుడు మీ లెక్కల సంగతికి వద్దాం. మీరు అందరికన్నా ముందు చూసేది బెల్టులు, అంటే ఛాంపియన్‌షిప్పులు. సీనాకి 17, ఫ్లేర్‌కి 16 అని మీరు రాస్తే చదివేవాడు గుండెల మీద చెయ్యి వేసుకుంటాడు. అయ్యా, 17 సార్లు గెలవాలంటే మధ్యలో కనీసం 16 సార్లు చేజారి ఉండాలి కదా. చేజారనివ్వని బ్రూనో సమ్మార్టినోకి మీ లెక్కలో వచ్చేది రెండే రెండు. 1963 మేలో మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బడ్డీ రోజర్స్‌ని 48 సెకన్లలో ఓడించి తీసుకున్న బెల్టును 1971 జనవరి దాకా, అంటే 2,803 రోజులు వదల్లేదు. రెండోసారి మరో 1,237 రోజులు. సీనా అతి పొడుగు పాలన 380 రోజులు. వంద రోజుల సెంటర్లు లెక్కపెట్టి పోస్టర్లు వేసిన మన తెలుగువాళ్ళకి ఈ తేడా ఒకరు చెప్పనక్కర్లేదు. ఎన్ని సినిమాలు రిలీజయ్యాయన్నది ఒక లెక్క, ఒక సినిమా ఎన్నాళ్ళాడిందన్నది ఇంకో లెక్క. రెండూ కలిపి గుణించి 'గొప్పతనం' అని పేరు పెట్టడం మాత్రం మీకే చెల్లింది.

పోనీ ఆ 16 అయినా గట్టి లెక్కా? 1984 మార్చిలో ఫ్లేర్ న్యూజిలాండ్‌లో హార్లీ రేస్‌కి బెల్టు పోగొట్టుకున్నాడు, రెండు మూడు రోజులకే సింగపూర్‌లో మళ్ళీ గెలుచుకున్నాడు. అమెరికాలో వాళ్ళకి తెలిసేలోపే అంతా సర్దుకుంది కాబట్టి ఆ మార్పిడిని చాలాకాలం అధికారికంగా లెక్కలోకే తీసుకోలేదు. వేలమంది కళ్ళెదుట జరిగిన మార్పిడి రికార్డు పుస్తకంలో లేదు. అదే పుస్తకంలో 2000 సంవత్సరం దగ్గర డబ్ల్యూసీడబ్ల్యూ అనే పోటీ కంపెనీ ప్రపంచ ఛాంపియన్‌గా హాలీవుడ్ నటుడు డేవిడ్ ఆర్కెట్ ఉన్నాడు. 1999 సెప్టెంబరు దగ్గర డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) ఛాంపియన్‌గా కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్ ఉన్నాడు. మైకు పట్టుకుంటే స్టేడియం ఊగిపోయే రాడీ పైపర్‌కి ఆ బెల్టు ఒక్కసారి కూడా రాలేదు. మీ సూత్రం ప్రకారం ఆర్కెట్ ఒకటి, పైపర్ సున్నా.

ఇక అండర్‌టేకర్ గారి జైత్రయాత్ర. 1991లో జిమ్మీ స్నూకాతో మొదలై రెజిల్‌మేనియాలో 21–0 దాకా వెళ్ళి, 2014 ఏప్రిల్లో బ్రాక్ లెస్నర్ చేతిలో ఆగింది. ఆ రాత్రి న్యూ ఆర్లీన్స్‌లో నోళ్ళు తెరుచుకుని ఉండిపోయిన మొహాలు అబద్ధమాడలేదు, ఒప్పుకుంటాం. కానీ ఆ 21లో 1993 నాటి జెయింట్ గొంజాలెజ్ మ్యాచ్ కూడా ఉంది. అవతలివాడు క్లోరోఫామ్ గుడ్డ మొహానికి అదిమితే డిస్‌క్వాలిఫికేషన్ మీద వచ్చిన గెలుపది. మత్తుమందు పీల్చడం కూడా జైత్రయాత్రలో మెట్టేనన్న సంగతి ట్రంప్ కార్డు చెప్పలేదు, మీరూ చెప్పరు. గోల్డ్‌బర్గ్ 173–0 అయితే ఇంకా వింత. వారం వారం ఆ సంఖ్య జనం చూసిన మ్యాచ్‌ల కన్నా చురుగ్గా పెరిగింది. చివరికి 1998 డిసెంబరు 27న స్కాట్ హాల్ కరెంటు షాకిస్తే కెవిన్ నాష్ పిన్ చేశాడు, అంటే మూడు లెక్కపెట్టేదాకా భుజాలు చాపకి అదిమి ఉంచాడు.

సంఖ్యల మీద మీకున్న భక్తికి పరాకాష్ఠ రెజిల్‌మేనియా 3. 1987 మార్చి 29, పాంటియాక్ సిల్వర్‌డోమ్, హాజరు 93,173 అని కంపెనీ మాట. 78,000 అని విలేకరి డేవ్ మెల్ట్‌జర్ మాట. హోగన్ ఆండ్రేని ఎత్తి కుదేశాడు, అంతకుముందు ఆండ్రేని ఎవరూ ఎత్తలేదని ప్రచారం. ఎత్తారు, ఒకరికి మించే ఎత్తారు. కానీ ఆ రాత్రి పని తెలిసినవాళ్ళు ఈనాటికీ చెప్పుకునేది ర్యాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్ మ్యాచ్ గురించి. సావేజ్ అడుగడుగూ ముందే రాసుకుని కంఠతా పట్టించిన మ్యాచ్ అది. స్టీమ్‌బోట్ పేరు మీ పదిమందిలో మాకెప్పుడూ కనపడదు. 1989లో ఫ్లేర్ మీద గెలిచి 76 రోజులు ఎన్‌డబ్ల్యూఏ అనే రెజ్లింగ్ సంఘం ప్రపంచ బెల్టు మోశాడు, ఖాతాలో అదొక్కటే మరి.

ఇలాంటి అన్యాయాన్ని సరిదిద్దడానికే మ్యాచ్‌లకి మెల్ట్‌జర్ ఇచ్చే నక్షత్రాలున్నాయంటారు మీ పిల్లజాబితాలు. సంతోషం. ఐదు నక్షత్రాల కొలమానం అది. 2018 జూన్‌లో ఒసాకాలో కెన్నీ ఒమేగా, ఒకాడా గంటకు పైగా ఆడిన మ్యాచ్‌కి ఆయన ఏడు ఇచ్చాడు. మ్యాచ్ అద్భుతమే, అందులో పేచీ లేదు. కానీ ఐదు మార్కుల ప్రశ్నకి ఏడు వేసిన మాస్టారి దగ్గర పాత బ్యాచ్ పిల్లలు ఏం కావాలి? 1994 జూన్ 3న మిసావా, కవాడా ఆడినప్పుడు పేపరుకి ఐదే మార్కులు.

ఇంతకీ మీరు పట్టించుకోని మూలం ఒకటుంది. ఈ గెలుపోటములు బుకర్ అనే కంపెనీ కథారచయిత ముందే రాసినవి. 1989లో విన్స్ మెక్‌మాన్ కంపెనీయే న్యూజెర్సీ సెనేట్ ముందు ఇది వినోదమని ఒప్పుకుంది, అథ్లెటిక్ కమిషన్ పెత్తనం తప్పించుకోవడానికి. అంటే బెల్టు రెజ్లర్ సంపాదించిన మార్కు కాదు, కంపెనీ అతని మీద పెట్టిన పెట్టుబడి. రెజ్లర్ చేతిలో ఉండేది ఆ కాగితం ముక్కని జనం నమ్మేలా చేయడం. దాన్ని కొలిచే గడి మీ దగ్గర లేదు.

1997 మార్చి 23 తీసుకోండి. రెజిల్‌మేనియా 13, షికాగో శివారు. బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్, ఎదుటివాణ్ణి లొంగదీస్తేనే గెలుపయ్యే సబ్మిషన్ మ్యాచ్, రెఫరీ కెన్ షామ్‌రాక్. బ్రెట్ అప్పటిదాకా మంచివాడు, ఆస్టిన్ విలన్. చివర్లో ఆస్టిన్ మీద షార్ప్‌షూటర్ అనే పట్టు పడింది. ఆ పట్టులో చూడాల్సింది కాళ్ళు మెలిపెట్టినవాణ్ణి కాదు, మెలిక పడినవాణ్ణి. పట్టు బిగువంతా పట్టుబడినవాడి మొహంలో ఉంటుంది. ఆస్టిన్ మొహమంతా నెత్తురు, పళ్ళ సందుల్లోంచి కారుతోంది, అయినా లొంగిపోతున్నానని చాప మీద తట్టలేదు. స్పృహ తప్పాడు, షామ్‌రాక్ గంట కొట్టించాడు. గెలిచినా వదలకుండా బ్రెట్ కొడుతూనే ఉన్నాడు. వచ్చేటప్పుడు విలన్‌గా వచ్చినవాడు హీరోగా కుంటుకుంటూ వెళ్ళిపోయాడు, హీరోగా వచ్చినవాడు విలన్‌గా మిగిలాడు. ఒకే మ్యాచ్‌లో ఇద్దరూ తారుమారు కావడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. ఇద్దరిలో ఒకడు ఒక్క సెకను తడబడినా జనం రెండు వైపులా చల్లారిపోతారు. మీ గడిలో దానికి పడిన గుర్తు: ఆస్టిన్, ఓటమి, 1.

మరో నాలుగు నెలలు దాటాక ఆగస్టు 3న సమ్మర్‌స్లామ్ అనే కార్యక్రమంలో ఆస్టిన్‌కీ, బ్రెట్ తమ్ముడు ఓవెన్ హార్ట్‌కీ మ్యాచ్. దీనికి కొంచెం ఓపిక పట్టాలి. రింగంటే పరుపనుకునే మీ పాఠకుల కోసం చెబుతున్నా: కింద ఉక్కు దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పైన పలచటి ఫోమ్, దాని మీద లాగి బిగించిన కాన్వాస్. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, ఊపిరి వదిలెయ్యాలి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి తగలాలి, చాచిన చేతులతో చాపని చరచాలి. గడ్డం లేస్తే తల వెనక్కి కొట్టుకుంటుంది, భయపడి చెయ్యి వెనక్కి ఊనితే మణికట్టు పోతుంది. ఇదంతా పడేవాడి చేతిలో ఉన్న విద్య. ఎదుటివాణ్ణి తలకిందులుగా పట్టి కిందికి దించే పైల్‌డ్రైవర్‌లో పడేవాడి చేతిలో ఏమీ ఉండదు, తలకిందులుగా వేలాడుతుంటాడు. అండర్‌టేకర్ టూంబ్‌స్టోన్ అనే తన పైల్‌డ్రైవర్ వేసినప్పుడు మోకాళ్ళ మీద దిగుతాడు, అవతలివాడి తల తొడల మధ్య పైకి ఉంటుంది, చాపకీ నెత్తికీ మధ్య జాగా మిగులుతుంది. ఆ రోజు ఓవెన్ హార్ట్ మోకాళ్ళ మీద దిగకుండా కూలబడ్డాడు. ఆస్టిన్ తల కిందికి జారి ఉంది. ఇద్దరి బరువూ మెడ మీద పడింది.

కాళ్ళూ చేతులూ ఆడటంలేదు. ఓవెన్‌కి అర్థమైంది, జనాన్ని రెచ్చగొడుతూ కాలం గడిపాడు. ఆస్టిన్ ఎలాగో పాక్కుంటూ వచ్చి, వెనక నుంచి చుట్టి, పసిపిల్లాడు కూడా విడిపించుకోగల రోలప్ వేశాడు. ఓవెన్ విడిపించుకోలేదు. ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు ఆస్టిన్‌ది. ఆ మెడతోనే అతను తన మూడు రాయల్ రంబుల్ (ముప్ఫైమంది పోటీ) గెలుపుల్లో రెండు సాధించాడు, 2003లో పూర్తికాలం ఆట మానేశాడు. ఆ రోలప్‌కి భుజాలు కదపకుండా పడుకున్న ఓవెన్ హార్ట్ మీ ఏ జాబితాలో ఉన్నాడు?

ఒక్క విషయంలో వెటకారం పక్కన పెడతాను. క్రిస్ బెన్వా పేరు మీ కింద ఎప్పుడూ గొడవే. 2007 జూన్‌లో భార్యనీ కొడుకునీ చంపి, తానూ చనిపోయాడు. రింగులో పనితనం వేరు కదా అని వాదించేవాళ్ళకి పనితనం తెలుసేమో గానీ, జాబితా అంటే సన్మానమని తెలియదు. తీసేసి ఉంచారు, అలాగే ఉంచండి.

మన దేశం మీద మీకున్న దయ కూడా చూశాం. 2007 జులైలో గ్రేట్ ఖలీ 20 మంది ఒకేసారి తలపడే బ్యాటిల్ రాయల్‌లో వరల్డ్ హెవీవెయిట్ బెల్టు గెలిచాడు, మీరు అతన్ని 'అతి చెత్త ఛాంపియన్లు' అనే మీ తమ్ముడి ఇంట్లో పడేశారు. కెనడాలో పుట్టిన పంజాబీ జిందర్ మహల్ 2017లో ర్యాండీ ఆర్టన్ మీద గెలిచి 170 రోజులు బెల్టు ఉంచుకున్నాడు. ఇంకో ఐదు రోజులు ఆగుంటే మన లెక్కలో సిల్వర్ జూబ్లీ, షీల్డులిచ్చి పంపేవాళ్ళం. దారాసింగ్‌ని ఇక్కడ జనం మొక్కింది దూరదర్శన్ హనుమంతుడిగా. ఆయన పేరు డబ్ల్యూడబ్ల్యూఈ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చడానికి 2018 వచ్చింది. గామా పహిల్వాన్ సంగతి మీకు కుదిరేది కాదులెండి. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో అతనితో తలపడ్డ పోలండ్ వస్తాదు జిబిస్కో రెండున్నర గంటలకు పైగా ఎక్కువభాగం నేలకరుచుకుని డ్రా చేసుకున్నాడు, వారం తర్వాత మళ్ళీ రమ్మంటే రాలేదు. 1928లో పటియాలాలో గామా నిమిషం లోపే అతని లెక్క తేల్చాడు. అది వేరే దుకాణం, అక్కడ బుకర్ లేడు.

అన్నట్టు, 2023 సెప్టెంబరు 8న సీనా గచ్చిబౌలికి వచ్చాడు. ఎవరికీ కనపడనని మొహం ముందు చెయ్యి ఆడించే మనిషి, బాలయోగి ఇండోర్ స్టేడియంలో సెథ్ రాలిన్స్‌తో జట్టుకట్టి అందరికీ కనపడ్డాడు.

నా విన్నపం చిన్నది. 'బెల్టులు', 'రోజులు', 'నక్షత్రాలు' అని మీకున్న గడుల పక్కన 'ఓడిన తీరు' అని ఒక గడి గీయించండి. ఎవరి చేతిలో ఓడాడు, ఓడాక గెలిచినవాడి విలువ ఎంత పెరిగింది, అవతలివాణ్ణి మర్నాటికి నడిచే స్థితిలో ఇంటికి పంపాడా లేదా. ఆ గడి నింపడానికి మ్యాచ్‌లు చూడాలి, అంకెలు చూస్తే చాలదు. అందుకే మీరు గీయించరని కూడా తెలుసు.

ఇట్లు,
మీ పదో నంబరు దగ్గర ఎప్పుడూ పళ్ళు కొరికే ఒక పాఠకుడు

తా.క.: ఎలాగూ మారరు కాబట్టి, కనీసం ఫ్లేర్ దగ్గర ఆ సింగపూర్‌ది కలపండి.