ఆలస్యం అమృతమే

"ఆలస్యం అమృతం విషం" అన్న మన పెద్దలు ఒక్కసారి కొలంబో ఫోర్ట్ స్టేషనులో శ్రీలంక కొండల్లోని బదుల్ల వెళ్లే రైలెక్కి ఉంటే, ఆ సామెతలోని చివరి మాటను స్వహస్తాలతో కొట్టివేసి ఉండేవారని నా దృఢవిశ్వాసం. కొలంబో నుంచి బదుల్లకు దూరం సుమారు 290 కిలోమీటర్లు. రైలు తీసుకునే సమయం తొమ్మిది నుంచి పది గంటలు. సికింద్రాబాదు నుంచి విజయవాడకు అంతకంటే ఎక్కువ దూరాన్ని మన వందే భారత్ సుమారు నాలుగు గంటల్లో దాటించేస్తోందని మనవాళ్లు చంకలు గుద్దుకుంటారు గానీ, ఆ నాలుగు గంటల్లో ప్రయాణికుడి కంటికి దక్కేదేమిటో ఎవరైనా ఆలోచించారా? మూసి ఉన్న అద్దం, దాని వెనక గీతల్లా సాగిపోయే తుమ్మచెట్లు. లంక రైలులో మాత్రం తేయాకు కోసే మనిషి వెనక బుట్టలో ఎన్ని గుప్పిళ్లు పడ్డాయో లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. ఆ భాగ్యం కోసం యూరపు నుంచీ చైనా నుంచీ జనం గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో ఎగిరివచ్చి, గంటకు ముప్పై కిలోమీటర్ల రైలు కోసం వరుసలో నిలబడుతున్నారు.

ఈ నిదానం నడమంత్రపు సిరి కాదు, వంశపారంపర్యంగా వచ్చిన ఆస్తి. కొండల మీద పండే కాఫీని ఓడరేవుకు చేర్చడానికి బ్రిటిషువారు తలపెట్టిన మార్గంలో 1864 డిసెంబరు 27న కొలంబో నుంచి అంబేపుస్సకు తొలి రైలు నడిచింది. 1867లో పట్టాలు కాండీ చేరాయి. మరో రెండేళ్లకు కాఫీ ఆకులకు తుప్పు తెగులు కనిపించి, చూస్తుండగానే ద్వీపంలోని కాఫీ తోటలను తుడిచిపెట్టేసింది. ఏ సరుకు కోసం రైలు వేశారో ఆ సరుకే పోవడం కన్నా ఘనమైన శుభారంభం ఏ రైల్వేకుంటుంది? దొరలు తేయాకు వైపు తిరిగారు. రైలు మాత్రం తన దారిన తాను కొండెక్కుతూ 1885లో నాను ఓయను, 1924లో బదుల్లను అందుకుంది. 290 కిలోమీటర్లకు అరవై ఏళ్లు, అంటే ఏడాదికి అయిదు కిలోమీటర్లయినా లేదు. ఆ లెక్కన ఇప్పటి పది గంటల ప్రయాణం దూకుడు కిందే జమ.

ఈ విషయంలో మనం మరీ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. కొత్తవలస–కిరండూల్ మార్గంలోని శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తున ఉందని, చాలా కాలం భారతీయ బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే అన్నిటికన్నా ఎత్తయినదని చెప్పుకుంటూ అరకు వెళ్లినవాళ్లంతా అక్కడి బోర్డు పక్కన ఫొటో దిగి వచ్చినవాళ్లే. లంకలో పట్టిపొల అనే స్టేషను, మన పట్టాల కొలతే ఉన్న పట్టాల మీద, 1,891 మీటర్ల ఎత్తున మంచు కప్పుకుని కూర్చుని ఉంది. మన మార్గం బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి వేసినది, వారిది కాఫీని సీమకు పంపడానికి వేసినది. జనానికి పొగమంచు చూపిద్దామని రైలు వేసిన ప్రభువు ఇటూ లేడు, అటూ లేడు.

నిదానాన్ని కాపాడే యంత్రాంగం కూడా అందుకు తగినట్టే ఉంది. కొండ మార్గంలో ఒంటి లైను కాబట్టి, ఒక స్టేషను దాటి ముందుకు పోవాలంటే డ్రైవరు చేతిలో ఆ ముక్క లైనుకు సంబంధించిన లోహపు బిళ్ల ఉండాలి. ఆ బిళ్లను తోలుసంచిలో పెట్టి, సంచిని పెద్ద వలయానికి తగిలించి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి చేయి చాచి అందిస్తాడు. ఇంజను లోంచి ఇంకో చేయి పాత వలయాన్ని విసిరి కొత్తదాన్ని భుజానికి దండలా వేసుకుంటుంది. విక్టోరియా రాణి కాలపు ఈ పద్ధతిని పాతకాలపుదని ఎగతాళి చేసేవారు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఆ బిళ్లను హ్యాక్ చేయగల మొనగాడు ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నాడా? ఇక కామన్వెల్తు దేశాలు మొదలుపెట్టిన సహాయ పథకం, కొలంబో ప్రణాళిక కింద కెనడా ఇచ్చిన డీజిల్ ఇంజన్లు 1954లో రావడం మొదలయ్యాయి. వాటికి ఆంటారియో, ఆల్బర్టా అంటూ కెనడా రాష్ట్రాల పేర్లు పెట్టారు. సర్కారు ఉద్యోగి అరవై ఏళ్లకు ఇంటికి పోతున్నాడు గానీ, డెబ్భై దాటిన ఈ ఇంజన్లలో కొన్ని ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

పేర్లలోనూ ముందుచూపు ఉంది. పొడి మెనికె అంటే చిన్నమ్మాయి, ఉడరట మెనికె అంటే కొండసీమ పడుచు, రుహును కుమారి అంటే రుహుణ రాకుమారి. వీరు కాక సముద్రదేవి ఒకరు. రాకుమారిని పట్టుకుని "ఎందుకమ్మా ఆలస్యం?" అని అడిగే ధైర్యం ఏ స్టేషను మాస్టరుకుంటుంది? ఉత్తరాదికి నడిచే యాళ్ దేవి కథ మాత్రం వేరు. 1956లో మొదలైన ఆ రైలు 1990లో యుద్ధం వల్ల ఆగిపోయి, భారతదేశం ఇచ్చిన రుణంతో పట్టాలు మళ్లీ వేశాక 2014లో గానీ జాఫ్నా చేరలేదు. ఇరవై నాలుగేళ్ల ఆ ఆలస్యాన్ని అమృతమని అనడానికి ఈ వ్యాసకర్తకు నోరు రాదు. అదే దారిలో తంబుత్తేగమ అనే స్టేషను ఉంది; దాని దగ్గర కూడగమలో ఉండే పాములవాళ్ల కుటుంబాల ఇంటి భాష నేటికీ తెలుగే. వాళ్ల పూర్వీకులు ఆ ద్వీపానికి రైలెక్కి రాలేదన్నది మాత్రం ఖాయం; ఎక్కి ఉంటే ఇంకా దారిలోనే ఉండేవాళ్లు.

ఇంత విలువైన నిదానాన్ని ఆ దేశపు రైల్వే శాఖ ఏళ్ల తరబడి నష్టానికి అమ్ముతోంది. టికెట్లు ప్రయాణానికి ముప్పై రోజుల ముందు అమ్మకానికి వస్తాయి. పర్యాటకులు ఎగబడే కొండ ఊరు ఎల్ల వైపు వెళ్లే రైళ్లలో సీట్లు, మన తత్కాల్ లాగానే, జనం కళ్లు తెరిచేలోపే అయిపోతాయి. ఆ తరవాత అవే సీట్లు అనేక రెట్ల ధరకు బయట దొరుకుతాయి. 2025 జనవరిలో అక్కడి నేర పరిశోధన విభాగం దీని మీద విచారణ చేసి అరెస్టులు కూడా జరిపింది. నాకు ఇది అన్యాయంగా తోచింది. పది గంటలకు గానీ గమ్యం చేరని రైలుకు కూడా క్షణాల్లో పని ముగించగల చురుకైన మనుషులు ఆ శాఖ చుట్టుపక్కల ఉన్నారని దేశానికి తెలియజేసిన వారిని సన్మానించవలసింది పోయి సంకెళ్లు వేశారు.

అసలు విశేషం తలుపు దగ్గర ఉంది. ఎల్ల సమీపంలోని తొమ్మిది కమానుల వంతెన 1921 నాటిది. ఉక్కు లేకుండా రాయి, ఇటుక, సిమెంటుతో కట్టారు. రైలు దాని మీదికి వచ్చేసరికి, సీటుకు డాలర్లు పోసిన అతిథి ఆ సీటును వదిలేసి తలుపు దగ్గరికి వెళ్లి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒంటిని విల్లులా వంచి గాలిలో వేలాడతాడు. కింద తేయాకు తోటలో నిలబడ్డ ఫొటోగ్రాఫరు అతన్ని స్వేచ్ఛకు ప్రతిరూపంగా లోకానికి పంపిస్తాడు. అదే రోజు పొద్దున గంపహ నుంచో పానదుర నుంచో కొలంబో ఫోర్టుకు వచ్చే ఆఫీసు రైలులో, అచ్చం అలాంటి తలుపు దగ్గర, అచ్చం అదే భంగిమలో ఒక గుమాస్తా వేలాడుతుంటాడు. అతని రెండో చేతిలో అన్నం పొట్లం ఉన్న సంచి. కాలు సగమే మెట్టు మీద, మిగతా సగం పక్కవాడి చెప్పు మీద. లోపల చోటు లేదు కాబట్టి వేలాడేవాడు సీజను టికెట్టు వాడు, లోపల చోటుండగా వేలాడేవాడు పర్యాటకుడు. జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఇద్దరిలోనూ ఉన్నారు. మొదటివాడి వేలాటను రద్దీ అంటారు, రెండోవాడి వేలాటను అనుభూతి అంటారు. ఆ గుమాస్తా దగ్గర కూడా ఒక ఫొటోగ్రాఫరును నిలబెడితే అతను టికెట్టుకు ఎంత ఎక్కువైనా చెల్లించడానికి ఒప్పుకుంటాడని, శాఖ నష్టాలు ఒక్క ఏడాదిలో తీరిపోతాయని నేను సవినయంగా సూచిస్తున్నాను.

వేగం కావాలనే మూర్ఖులకు ఏనుగులు ఎప్పుడో జవాబు చెప్పాయి. 2025 ఫిబ్రవరిలో గల్ ఓయ దగ్గర ఒక రైలు ఏనుగుల గుంపును ఢీకొనడంతో ఆరు ఏనుగులు చనిపోయాయి, రైలు పట్టాలు తప్పింది. కొండ మీద నత్తనడక నడిచే రైలు అడవిలో మాత్రం ఎందుకు పరుగెత్తిందో, ఎవరి ఆఫీసుకు వేళ మించిపోతోందో ఆ ఏనుగులకు ఎవరూ వివరించలేదు.

నాను ఓయ దాటాక వడలమ్మే అతను "వడే, వడే, ఇస్సో వడే" అంటూ పెట్టెలోకి వచ్చాడు. ఇస్సో అంటే రొయ్య. పప్పు వడ మీద రెండు రొయ్యలు మీసాలతో సహా పడుకుని ఉన్నాయి. పొట్లం కట్టిన కాగితం ఎవరో బడిపిల్లవాడి లెక్కల నోటు పుస్తకంలోది. సింహళం నాకు రాదు గానీ అంకెలకు భాష అడ్డు కాదు. నూనె మరకల మధ్య రైలు బొమ్మ, దాని పక్కన 300 కిలోమీటర్లు, గంటకు 60 అని ఉన్నాయి. పిల్లవాడు జవాబు 10 గంటలని రాశాడు. మాస్టారు దాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి పక్కన 5 వేశాడు. ఆ మాస్టారు ఎన్నడూ బదుల్ల రైలెక్కి ఉండడు.