గాల్లో ఉపన్యాసం

నిన్నటి సంగతి ఇది. ఒళ్ళు మంట ఇంకా చల్లారలేదు కాబట్టి గబగబా చెప్పేస్తాను. నేను వీల్‌చెయిర్ రేసర్‌ని. పందేలు చూసుకోవాల్సినదాన్ని ఉపన్యాసాల్లోకి ఎలా వచ్చానంటే, స్టేడియంలో నా కుర్చీ పట్టే టాయిలెట్ ఎక్కడని అడగబోయి. ఒకసారి అడిగామా, ఇక అంతే. ముందు కమిటీలో వేస్తారు, తర్వాత చేతికి మైకిస్తారు. టాయిలెట్ మాత్రం రాదు.

నిన్నటి సభలో నా అంశం "అందరికీ అందుబాటు". వేదిక ఎత్తు 3 అడుగులని కనుక్కుని, ర్యాంప్ కావాలని నిర్వాహకుడికి ముందే మెయిల్ పెట్టాను. వాలు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు, మొత్తం 36 అడుగులు, మధ్యలో ఆగడానికి చదునైన చోటు. జవాబొచ్చింది: "మేడమ్, మీరేం టెన్షన్ పడకండి. మా దగ్గర మంచి కుర్రాళ్ళున్నారు."

ఆ 36 అడుగులకు బదులు 6 అడుగుల చెక్క కూడా ఒకటి తెప్పించారు, పాపం. 3 అడుగుల ఎత్తుకు ఆ చెక్క వేస్తే 30 డిగ్రీల వాలు. జారుడుబల్లకైతే బాగుంటుంది. నేను తల అడ్డంగా ఊపేసరికి నలుగురు కుర్రాళ్ళు నాలుగు వైపులా చేరి, ఒకటి, రెండు అని, మూడు అనకుండానే ఎత్తేశారు.

ఇక్కడ కుర్చీ గురించి ఒక ముక్క చెప్పాలి. దీని వెనక చక్రాలు తీసి పెట్టుకునేలా చేసినవే, లేకపోతే కార్లో పట్టదు. చక్రం నడిమధ్యలో ఒక బటన్ ఉంటుంది. నొక్కి లాగితే ఇరుసుతో సహా బయటికొస్తుంది. నేల మీద బరువు పడుతున్నంతసేపు మొరాయిస్తుంది గానీ, కుర్చీ పైకి లేచిందంటే ఇట్టే వచ్చేస్తుంది. అందుకే ఎత్తేవాళ్ళు ఫ్రేమ్ పట్టుకోవాలి. ఈ మాట నేను చెబుతూనే ఉన్నాను. కుడిపక్క కుర్రాడు మాత్రం పట్టు బాగా దొరికిందని చక్రాన్నే పట్టుకున్నాడు, బొటనవేలు సరిగ్గా బటన్ మీద పెట్టి.

"మేడమ్, ఇది వచ్చేసింది."

మిగతా ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. దించితే కుర్చీ ఒరిగిపోతుంది. పైన పెడదామంటే వేదిక ఇంకా అడుగు ఎత్తులో ఉంది. సరిగ్గా అప్పుడే వ్యాఖ్యాత, నేను వచ్చేశాననుకుని, "ఏ అడ్డంకీ ఆపలేని ధీర వనిత" అంటూ అందుకున్నాడు. చప్పట్లు. ముందు వరసలోంచి ఒక పెద్దాయన నట్టు బిగించమన్నారు. ఆ చక్రానికి నట్టే లేదు. ఇంకొకాయన స్పానర్ కోసం పరిగెత్తాడు, మళ్ళీ కనిపించలేదు.

గాల్లో వేలాడుతుంటే ఏవేవో గుర్తొస్తాయి. 2021లో మార్సెల్ హుగ్ వీల్‌చెయిర్ మారథాన్‌ను 1 గంట 17 నిమిషాల 47 సెకన్లలో పూర్తి చేశాడు. నేను వేదిక ఎక్కేలోపు ఆయన సగం దూరం పోయుండేవాడు. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో 4 స్వర్ణాలు గెలిచిన టానీ గ్రే థామ్సన్‌కి బీబీసీ క్రీడా పురస్కారాల్లో మూడో స్థానం ఇచ్చారు గానీ, వేదికకు ర్యాంప్ పెట్టలేదు. ఆవిడ కిందే ఉండిపోయింది. అదృష్టవంతురాలు, ఎవరూ ఎత్తలేదు. ఈలోగా నా ఒళ్ళోని కాగితాలు జారి పడ్డాయి. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో అందుబాటు గురించి చెప్పే 9వ అధికరణం రాసుకున్న కాగితం, ఎడమపక్క కుర్రాడి బూటు కిందికి చేరింది.

నా కాలర్ మైకు అప్పటికే ఆన్ చేసి ఉందట. నాకెవరూ చెప్పలేదు. "బాబూ, బటన్ నొక్కి పట్టుకో. పట్టుకునే లోపలికి తొయ్యి. అయ్యో, అటు కాదు! నువ్వు వదలకు నాయనా, నువ్వసలు వదలకు!" హాలంతా వినిపించింది. వినిపించని వాళ్ళ కోసం సంజ్ఞా భాష అనువాదకురాలు ఉంది. ఆ ఒక్క ఏర్పాటు మాత్రం దివ్యంగా చేశారు. ఆవిడ నా ప్రతి మాటనీ, అయ్యోతో సహా, చేతులతో చూపించింది. రెండోసారి "వదలకు" దగ్గర ఆవిడ ముఖంలో భయం నాకంటే బాగా పలికింది.

చివరికి చక్రం టక్కుమని కూర్చుంది. ఉపన్యాసం అయింది, శాలువా కప్పారు.

ఇవాళ పొద్దున నిర్వాహకుడు ఫోన్ చేశాడు. బాగా మాట్లాడానన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మేడమ్, ఆ కుర్చీ ఒకసారి రిపేరుకివ్వండి. అలా చక్రాలు ఊడిపోతే ప్రమాదం కదా" అన్నాడు. ర్యాంప్ సంగతేమిటని అడిగాను. సిగ్నల్ సరిగా లేదన్నాడు.