'పొగతాగరాదు' బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటారా?

పొగాకు వ్యతిరేక దినం మే 31. ఆ రోజు కాలేజీల్లో ప్రతిజ్ఞ, ర్యాలీ, ఫొటోలు. మర్నాటి నుంచి గుర్తుండేది జరిమానా రసీదు పుస్తకం ఒక్కటే. సిగరెట్‌తో దొరికిన విద్యార్థి చేత డబ్బు కట్టిస్తారు, తల్లిదండ్రులను పిలిపిస్తారు, కోపం చల్లారకపోతే సస్పెండ్ చేస్తారు. 'సార్, ఎలా మానాలి?' అని అతను అడిగితే జవాబు చెప్పే మనిషి మాత్రం క్యాంపస్‌లో దొరకడు.

క్రమశిక్షణ అక్కర్లేదని మేము అనడం లేదు. మేజర్లు కదా, వాళ్ల ఇష్టం అనే వాదనా విన్నాం. కానీ ఆ ఇష్టం మొదట్లోనే. పీల్చిన పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. పాతికేళ్ల దాకా ఎదుగుతూ ఉండే మెదడు దానికి ఇట్టే లొంగుతుంది. పరీక్షల టెన్షన్ తగ్గుతుందని కాలుస్తున్నామంటారు పిల్లలు. నిజానికి తగ్గేది చాలావరకు, అంతకుముందు సిగరెట్ అందక పుట్టిన చిరాకే. నేటి టీనేజరే రేపటి రెగ్యులర్ కస్టమర్ కాగలడని ఫిలిప్ మోరిస్ సిగరెట్ల కంపెనీ 1981లోనే తన అంతర్గత నివేదికలో రాసుకుంది. అమ్మేవాడికి అంత ముందే తెలిసిన సంగతి చదువు చెప్పేవాళ్లకు ఇంకా తెలియదంటే నమ్మాలా?

మానడం మొదలుపెట్టిన తొలి రెండు మూడు రోజులు నరకమే. చిరాకు, నిద్ర పట్టకపోవడం, పుస్తకం మీద మనసు నిలవకపోవడం. రెండు నుంచి నాలుగు వారాల్లో ఇవి చాలావరకు సర్దుకుంటాయి. ఆ వారాలు గట్టెక్కించడానికే పొగ లేకుండా కొద్దికొద్దిగా నికోటిన్ అందించే ప్యాచ్‌లు, గమ్‌లు, డాక్టరు రాసే వరెనిక్లిన్ మాత్రలు, కౌన్సెలింగ్ ఉన్నాయి. ఒంటరి పట్టుదల కంటే ఈ తోడు ఉంటేనే ఎక్కువమంది మానగలుగుతున్నారని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. జీవితాంతం పొగతాగేవారు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకుంటారు. 30 ఏళ్ల లోపు మానేస్తే అందులో దాదాపు అంతా దక్కుతుంది. డిగ్రీ చదివే వయసు సరిగ్గా అదే. ఆ వయసులో పిల్లలు చేతికి దొరికినప్పుడు కాలేజీ చేస్తున్న పని రసీదు రాయడం!

ఇక స్టాఫ్ రూమ్ వెనకాల దమ్ము కొట్టి వచ్చి, అదే నోటితో విద్యార్థికి జరిమానా వేసే అధ్యాపకుల సంగతి. వాళ్లకు రసీదు ఎవరు రాస్తారు? నిబంధన అందరికీ ఒకటి కానప్పుడు పిల్లలు దాన్ని గౌరవించరు, దొరక్కుండా తప్పించుకోవడం నేర్చుకుంటారు. సిగరెట్ వాసన రాని వేప్‌లు (ఈ-సిగరెట్లు) వచ్చాక అదీ తేలికైపోయింది.

వసూలైన జరిమానాల్లో ఎంత మాన్పించడానికి ఖర్చు పెట్టారో ప్రతి ప్రిన్సిపాల్ లెక్క చెప్పాలి. ఆ లెక్క చూపలేనివాళ్లకు విద్యార్థిని గదిలోకి పిలిచి నిలదీసే అర్హత లేదు.