దుకాణం ఎవరిదో తేలకుండా డబ్బు కట్టొద్దు

గుంటూరు మిర్చి యార్డులో ముక్కూ మొహం తెలియని మనిషికి ఎవరూ సరుకు అప్పుగా ఇవ్వరు. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏ కమీషన్ ఏజెంటుకు తెలుసు అని అడిగాకే మాట ముందుకు సాగుతుంది. విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలోనూ అంతే. ఇంత జాగ్రత్త ఉన్న ఊళ్లలోనే మంగళగిరి చీరకో, మిర్చి విత్తనాలకో, లారీ విడిభాగాలకో ఫోన్‌లో కనిపించిన ప్రకటన నొక్కి, తెరుచుకున్న సైట్‌కి ముందే డబ్బు కట్టేసే వాళ్లున్నారు. వాళ్లకు తెలివి లేక కాదు. మనిషిని ఏం అడగాలో తెలుసు, వెబ్‌సైట్‌ని ఏం అడగాలో ఎవరూ చెప్పలేదు. చెప్పిన కాస్తా తప్పుగా చెప్పారు.

అందులో మొదటిది తాళం గుర్తు. అడ్రస్ పక్కన తాళం ఉంటే సైట్ మంచిదని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. మీ ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఇంకొకరు చదవలేరని మాత్రమే ఆ తాళానికి అర్థం. అవతల ఉన్నది దొంగైతే మీ కార్డు నంబరు భద్రంగా ఆ దొంగకే చేరుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు ఆ తాళం రావడానికి కావాల్సిన సర్టిఫికెట్‌ను ఉచితంగా ఇస్తాయి, మోసగాడికీ ఇస్తాయి. జనం దీన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే గూగుల్ 2023లో క్రోమ్‌లో ఆ తాళం బొమ్మను మార్చేసింది. ఇంకా ఆ పాఠం చెప్పేవాళ్లు దయచేసి ఆపాలి.

సైట్‌లో కనిపించే ఫొటోలు, అయిదు నక్షత్రాల అభిప్రాయాలు, ‘పాతికేళ్ల అనుభవం’ అన్నీ యజమాని పెట్టుకున్నవే. అతని చేతిలో లేని చోట ఏం రాసి ఉందో చూడాలి. మన దగ్గర దానికి అన్నిటికంటే పనికొచ్చేది జీఎస్టీ నంబరు. అది 15 అక్షరాల నంబరు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే వెతికి చూడొచ్చు. చట్టబద్ధమైన పేరు, వ్యాపార పేరు, నమోదైన తేదీ, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా, అన్నీ కనిపిస్తాయి. నంబరే కొంత కథ చెబుతుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. మొత్తం 15లో ఆరో అక్షరం ‘సి’ అయితే కంపెనీ, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ, ‘పి’ అయితే ఒక వ్యక్తి. పైన ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని రాసుకుని కింద ‘పి’ ఉన్న నంబరు ఇస్తే అక్కడే ఆగిపోవాలి. కారం, పచ్చళ్లు అమ్మే సైట్ అయితే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా ఉండాలి, దాన్నీ ఆ సంస్థ పోర్టల్‌లో సరిచూడొచ్చు.

నంబరు నిజమైనదే అని తేలినా పని అయిపోలేదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. నిజాయితీగా నడిచే కొట్టు జీఎస్టీ నంబరును ఎత్తుకొచ్చి తన సైట్ కింద అతికించుకోవడం మోసగాడికి ఒక్క నిమిషం పని. అందుకే ఒక్కో రికార్డూ విడిగా నిజమా కాదా అన్నదానికంటే, అవన్నీ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న. జీఎస్టీలో ఉన్న పేరు, సైట్‌లో ఉన్న పేరు, యూపీఐ పిన్ కొట్టే ముందు తెరపై కనిపించే ఖాతాదారు పేరు, మూడూ ఒకరివేనా? సంస్థ పేరు ‘ట్రేడర్స్’ అని ఉండి, డబ్బు మాత్రం రికార్డులో ఎక్కడా లేని వ్యక్తి ఖాతాకు పొమ్మంటే, ‘మా అకౌంటెంట్ ఖాతా అండీ’ అన్న సంజాయిషీ వినక్కర్లేదు. ఫోన్ కూడా సైట్‌లో ఇచ్చిన నంబరుకు చేస్తే ఎత్తేది వాళ్లే. ఆ కొట్టు నంబరు వేరే చోట సంపాదించి, ‘ఈ సైట్ మీదేనా’ అని అడగాలి. చిరునామా విజయవాడ బీసెంట్ రోడ్డో ఆటోనగరో అయితే మనకింకా సులువు. ఆ దారిన వెళ్లే చుట్టమో స్నేహితుడో ఒకసారి బోర్డు చూసొస్తే చాలు.

సైట్ వయసు కూడా చూడాలి. డొమైన్, అంటే సైట్ అడ్రస్, ఎప్పుడు నమోదైందో ఎవరైనా చూడగలిగే ‘హూఈజ్’ నమోదు రికార్డులో తెలుస్తుంది. పాతికేళ్ల వ్యాపారమని చెప్పే సైట్ పోయిన నెలలో పుట్టిందంటే అనుమానించాలి, కానీ అంతటితో తీర్పు చెప్పకూడదు. పాత కొట్టువాళ్లూ కొత్తగా సైట్ పెడతారు. అలాగే చిన్న వ్యాపారికి టర్నోవర్ పరిమితి దాటకపోతే జీఎస్టీ లేకపోవచ్చు. అలాంటి చోట సరుకు అందాక డబ్బు అనండి. అయినా పార్సిల్ విప్పకముందే నగదు ఇవ్వాల్సి వస్తే అది కూడా అడ్వాన్సు కిందే లెక్క. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా ఖాతాల మధ్యే ఉండగా చెబితేనే ఆపే వీలుంటుంది.

కొనేవాళ్ల మీదే భారమంతా వేయడం న్యాయం కాదు. 2020 ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయ చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ అందరికీ కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. మన రెండు ఊళ్లలో నిజాయితీగా బతికే వ్యాపారులు కూడా తమ సైట్లలో ఒక వాట్సాప్ నంబరు పెట్టి వదిలేస్తే, వాళ్లకూ దొంగకూ తేడా కొనేవాడికి ఎలా తెలుస్తుంది? పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, ఫిర్యాదు చేస్తే పలికే మనిషి, ఈ నాలుగూ పేజీ అడుగున రాయించండి. సైట్ చేసిపెట్టిన కుర్రాడికి అది పది నిమిషాల పని.