చిరంజీవి బైట్ అలారానికి, ఉభయకుశలోపరి

చిరంజీవి బైట్ అలారానికి ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, నీ బ్యాటరీ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం మనవాళ్లు కూడా చదువుతారు. వాళ్లలో చాలామందికి నువ్వెవరో తెలియదు కాబట్టి ముందు పరిచయం చేస్తాను, ఏమీ అనుకోకు. ఇంగ్లండ్‌లో కార్ప్ చేపని పట్టేవాళ్లు గాలపు కర్రని చేత్తో పట్టుకోరు. గట్టున ఒక స్టాండు పెట్టి దానిమీద పడుకోబెడతారు. ఆ కర్ర కింద, పిడికిలంత కూడా లేకుండా కూర్చునేదానివి నువ్వు. నెత్తిన ఒక గాడి, గాడిలో చిన్న చక్రం, దాని మీదుగా దారం. నీళ్లలో చేప ఎరని లాగిందా, దారం కదులుతుంది, చక్రం తిరుగుతుంది, నువ్వు కీచుమంటావు. దీపం కూడా వెలిగిస్తావు. వెనకాల టెంటులో పడుకున్నవాడు లేచి, ఒక కాలికి చెప్పు ఉండీ ఒక కాలికి లేకా పరిగెత్తుకొస్తాడు. అంతే నీ ఉద్యోగం. చూడ్డానికి అమాయకంగానే ఉంటావు.

నేను పాలకొల్లు దగ్గర కాలువ గట్టున పుట్టినవాణ్ణి. మా నాన్న దగ్గర వెదురు కర్ర ఒకటి, నైలాన్ దారం, నెమలి ఈక కాడ కోసి చేసిన, నీళ్ల మీద తేలే బెండు ఉండేవి. ఈక కాడ చాలా తేలిక. చేప ఇంకా ఎర మింగకముందే, వాసన చూసి మూతితో నెట్టినా చాలు, అది వణికేది. మా నాన్న మాట్లాడకుండా మోచేత్తో నన్ను పొడిచేవాడు. బెండు వణికితే పరిగ, పక్కకి జరిగితే జెల్ల, కాసేపు కదలకుండా ఉండి ఒక్కసారిగా మునిగితే లెక్క వేరే. ఏడెనిమిదేళ్లకే ఇవన్నీ తెలుసు నాకు. ఎక్కాలు మాత్రం రాలేదు.

1978లో డాక్టరుగా ఈ ఇంగ్లండ్ వచ్చాను. మిడ్‌లాండ్స్‌లో ఒక చిన్న ఊరు. చేపల సామాన్ల కొట్టు కనబడితే లోపలికెళ్లాను. అద్దాల పెట్టెలో నెమలి ఈక కాడ బెండు! కొసకి ఎర్ర రంగు వేసి ఉంది, అంతే తేడా. ధర అడక్కుండా రెండు కొన్నాను. ఆ ఆదివారం చెరువు దగ్గర కూర్చుంటే, ఎవరూ చెప్పకుండానే నాకు సగం పని వచ్చేసింది. చేప కూడా పరాయిది కాదు. వీళ్లు కార్ప్ అనేది మన బంగారు తీగే. 1939లో సిలోన్ నుంచి నీలగిరికి, 1957లో బ్యాంకాక్ నుంచి మరో రకం మన దేశానికి తెచ్చారు. కాబట్టి అదీ నేనూ ఇద్దరం వలసవాళ్లమే, ఎదురెదురు దిక్కుల్లో.

ఇక అసలు సంగతి. నీ మీద నాకున్న కోపం పాతకాలపు ముసలాళ్ల కోపం అనుకోకు. దానికి ఒక కారణం ఉంది. ఆ రోజుల్లో జూనియర్ డాక్టరు నడుముకి బ్లీప్ అని ఒక డబ్బా తగిలించేవారు. అది కూస్తే అన్నం మధ్యలోంచి, స్నానం మధ్యలోంచి, నిద్ర మధ్యలోంచి లేచి ఫోను దగ్గరికి పరిగెత్తాలి. ఎన్ని రాత్రులు కూసిందో లెక్కలేదు. సెలవు రోజున దాన్ని డ్రాయర్లో పడేసి చెరువుకి పోయేవాణ్ణి. అక్కడ కూసేవి నీటికోళ్లు మాత్రమే. నా కోసం కూసేవి కావు.

అలాంటి చోటికి నువ్వొచ్చావు.

నువ్వు నిన్నమొన్నటిదానివి కాదని నాకు తెలుసు. 1950లలోనే రిచర్డ్ వాకర్ అనే ఇక్కడి పేరున్న గాలపు వేటగాడు కరెంటుతో కూసే యంత్రం చేసి కార్ప్ వేటకి తెచ్చాడు. 1952 సెప్టెంబరు 13న రెడ్‌మైర్ అనే చిన్న మడుగులో 44 పౌండ్ల కార్ప్‌ని, అంటే ఇరవై కిలోల చేపని పట్టి ఈ దేశపు రికార్డు కొట్టింది ఆయనే. దాన్ని లండన్ జూకి ఇస్తే అక్కడ గాజుతొట్టెలో ఏళ్లపాటు బతికింది. ఎరేమిటో తెలుసా? రొట్టె. మామూలు రొట్టె. ఆయన ఇంజనీరు, యంత్రాలంటే ఇష్టం, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ పగలు చేప ఎక్కడ తిరుగుతోందో, ఏ కలువల కింద ఎండ కాచుకుంటోందో చూసి, చీకటి పడి కళ్లు పనిచేయనప్పుడు నిన్ను వాడినవాడు. పాపం, పట్టపగలు కూడా కళ్లు మూసుకోవడానికి నువ్వు పనికొస్తావని ఆయన ఊహించి ఉండడు.

1980లో క్రిస్ యేట్స్ అనే మరో వేటగాడు అదే మడుగులో యాభై ఒకటిన్నర పౌండ్ల చేపతో ఆ రికార్డు దాటాడు. ఎర మొక్కజొన్న గింజలు. మనవాళ్లయితే కాల్చుకుని ఉప్పూకారం రాసుకుని తినేసేవాళ్లు, అది వేరే సంగతి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరో ఇద్దరు, లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్, ‘హెయిర్ రిగ్’ కనిపెట్టారు. ఎరని గాలానికి గుచ్చకుండా పక్కన ఒక వెంట్రుకకి వేలాడదీయడం. మొదట్లో నిజంగా మనిషి వెంట్రుకే. కార్ప్‌కి ఒక అలవాటుంది. దేన్నైనా లోపలికి పీల్చి, రుచి చూసి, నచ్చకపోతే ఊసేస్తుంది. మా పెదనాన్న ఇడ్లీ తిన్నట్టు. గాలం ఎరలో దాగి ఉంటే గట్టిగా తగిలి, అది ఊసేసేది. ఇప్పుడు బోడి గాలం ఎర పక్కన విడిగా ఉంటుంది కాబట్టి ఊసేటప్పుడే పెదవికి దిగుతుంది. దారానికి ఒక బరువైన సీసం గుండు కూడా కట్టారు. ముల్లు గుచ్చుకోగానే చేప బెదిరి పరిగెత్తుతుంది, ఆ బరువుకి గాలం ఇంకా లోపలికి దిగుతుంది. ఇంజనీరింగ్ పరంగా దణ్ణం పెట్టాల్సిందే. కానీ లెక్క చూడు. ఎర తినేది చేప. గాలానికి తగులుకునేది చేప. పరిగెత్తేది చేప. ఆ కబురు మోసేది నువ్వు. ఇందులో మనిషి చేసిందేమిటి? నిద్ర.

అదే నీ మీద నా ఫిర్యాదు. నువ్వు రాకముందు గట్టున నిద్రపోయినవాణ్ణి చేతగానివాడనేవాళ్లు. నువ్వు వచ్చాక నిద్రపోవడానికి సామాన్లు అమ్ముతున్నారు. మడత మంచం వచ్చింది. మంచానికి పరుపు, పరుపు మీదికి దుప్పటి, అన్నిటికీ కలిపి టెంటు వచ్చాయి. టెంటులో కుక్కరు, కెటిల్, ఈమధ్య టీవీ. కర్రలు మూడు. ఇక్కడ మామూలు లైసెన్సుకి రెండే, మూడోదానికి అదనంగా కట్టాలి. కడుతున్నారు. చెరువుకి చక్రాల బండిలో ఈ సంసారమంతా తోసుకుంటూ వెళ్లేవాణ్ణి చూసి మా ఆవిడ, “ఏమండీ, పాపం ఇల్లు ఖాళీ చేయించారా అతన్ని?” అంది.

ఎర సంగతి చెప్పనే లేదు. బాయిలీ అంటారు. బొంబాయి రవ్వ, సోయా పిండి, పాలపొడి, కోడిగుడ్లు కలిపి ఉండలు చేసి నీళ్లలో ఉడకబెడతారు. కోడిగుడ్డు వేసిన ఉండ్రాళ్లు అనుకోండి. దానికి స్ట్రాబెర్రీ వాసన, అనాస వాసన, రొయ్యల వాసన. ఒకసారి కారులో పొట్లం మర్చిపోయాను. వారం రోజులు మా ఆవిడ ఆ కారెక్కలేదు.

పక్క గట్టున ఒక కుర్రాడు ఉంటాడు, మంచివాడు. వాడికి నీలాంటివి మూడు, రంగుకొకటి. జేబులో రిసీవరు. నువ్వు గట్టున కూస్తే వాడి జేబులో కూడా కూస్తుంది. పోయిన జూన్‌లో వాడితో కబుర్లు చెబుతున్నాను. ఇరవై గజాల దూరంలో, తుంగ పక్కన, నీళ్ల మీదికి సన్నటి బుడగలు వరసగా వచ్చాయి. అడుగున బురద కదిలి నీళ్లు టీ రంగుకి తిరిగాయి. ఒక తుంగ కాడ గాలి లేకుండానే ఊగింది. పెద్ద చేప, మూతి బురదలో పెట్టి హాయిగా మేస్తోంది. చెయ్యి చూపించాను. వాడు అటు చూడలేదు. జేబులోంచి రిసీవరు తీసి చూశాడు. “ఏమీ లేదే” అన్నాడు.

అప్పుడు వాడి మీద కాదు, నీ మీద మండింది.

పోనీ సరిగ్గా కబురు చెబుతావా అంటే అదీ లేదు. గాలి వేస్తే కూస్తావు. నాచు తగిలితే కూస్తావు. హంస కాలికి దారం తగిలితే ప్రపంచం మునిగినట్టు కూస్తావు. రాత్రి గబ్బిలం దారానికి కొట్టుకుంటే ఒక్క కూత. ఒకడిది కూస్తే గట్టునున్న టెంట్లన్నిట్లోంచీ తలలు బయటికొస్తాయి, ఎవరిదో తెలియక. మా ఊళ్లో దొంగ పడ్డప్పుడు కూడా అంతమంది లేవలేదు.

పట్టిన చేపని ఏం చేస్తారని మనవాళ్లు అడుగుతారు. మెత్తటి పరుపు తడిపి దానిమీద పడుకోబెడతారు, గాలం తీస్తారు, పెదవికి మందు రాస్తారు, తూస్తారు, ఒడిలో పెట్టుకుని ఫొటో దిగి, వదిలేస్తారు. కార్ప్‌ని ఇంటికి తీసుకెళ్లడం ఇక్కడి చాలా చెరువుల్లో నిషేధం. ఇందులో నాకు తప్పేమీ కనబడలేదు, డాక్టర్ని కదా. మా ఆవిడకే కనబడింది. “తెల్లవార్లూ కూర్చుని, పట్టి, మందు రాసి, వదిలేసి వచ్చారా? దీన్ని క్లినిక్ అంటారండీ, వేట అనరు.” అదీ జూన్‌లో, మృగశిర కార్తె దాటి వారం కాకుండానే. ఊళ్లో అందరిళ్లలోనూ పులుసు, మా ఇంట్లో ఫొటో.

పట్టిందే పట్టి వదులుతుంటే చేపలకి పేర్లు కూడా వస్తాయి మరి. పీటర్‌బరో దగ్గరి ఒక చెరువులో బెన్సన్ అనే ఆడ కార్ప్ ఉండేది. వీపు రెక్కకి సిగరెట్టుతో కాల్చినట్టు చిల్లు ఉండటంతో ఆ పేరు పెట్టారు. ఇరవై తొమ్మిది కిలోలు. పదమూడేళ్లలో 63 సార్లు పట్టుబడిందని, 2009లో అది చనిపోయినప్పుడు పత్రికలు సంతాపం రాశాయి. నేను పనిచేసిన ఏ వార్డులోనూ ఏ పేషెంటూ అన్నిసార్లు అడ్మిట్ కాలేదు. ఆ 63 సార్లలో దాన్ని నీళ్లలో ఉండగా ముందే చూసి పట్టినవాళ్లు ఎందరు? నువ్వు చెబితే లేచొచ్చినవాళ్లు ఎందరు? నీకు లెక్క తెలిసే ఉంటుంది, చెప్పవు.

విరామం కూడా పోయింది. ఇంగ్లండ్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఇప్పటికీ కార్ప్‌లాంటి చేపలకి గాలం వేయకూడదు. చాలా చెరువులకి మాత్రం 1995లో ఆ నిబంధన ఎత్తేశారు. అంతకుముందు జూన్ 16 అంటే పండగ. ముందురాత్రే గట్టుకి చేరి, పన్నెండు కొట్టేదాకా గడియారాలు చూసుకుంటూ కూర్చునేవాళ్లం. నాకు కాలువలు వదిలే రోజు గుర్తొచ్చేది. వేసవిలో మా కాలువ కట్టేసేవారు, జూన్‌లో నీళ్లొచ్చేవి, ఎర్రటి కొత్త నీరు నురగతో వస్తుంటే పిల్లలం పక్కనే పరిగెత్తేవాళ్లం. (కట్టేసిన కాలువలో మిగిలిన గుంటల్లో చేతులతో పట్టిన చేపల సంగతి ఈ దేశంలో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడి కమిటీవాళ్లు ఒప్పుకోరు.) ఇప్పుడు ఏడాది పొడుగునా చెరువులు తెరిచే ఉంటాయి. నీకు సెలవే లేదు, చేపకీ లేదు.

ఇంతా తిట్టి ఒక నిజం దాచడం నా వయసుకి మర్యాద కాదు. డెబ్బై అయిదో పుట్టినరోజుకి నా మనవడు నిన్ను కొనిచ్చాడు. “తాతా, సాయంత్రమైతే నీకు బెండు కనబడటం లేదు కదా” అన్నాడు. కనబడటం లేదు. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది వరసలో ఉంది. మసక వెలుతురులో ఎర్రటి కొస ఒకటి రెండుగా కనబడుతుంది, రెండూ కదులుతున్నట్టే ఉంటాయి.

నిన్ను పెట్టిన మొదటి రాత్రి వాడి టెంటులోనే పడుకున్నాను. మూడింటికి కూశావు. లేచాను. నా చెయ్యి తిన్నగా నడుముకి పోయింది. బ్లీప్ నొక్కడానికి. దొరకలేదు. టార్చి వేసి ఫోను కోసం వెతుకుతున్నాను, ఏ వార్డో కనుక్కోవడానికి. నువ్వు ఆపకుండా అరుస్తూనే ఉన్నావు. “తాతా, చేప!” అని వాడు అరిచాక గానీ నేను రిటైరైన సంగతి గుర్తుకు రాలేదు. అప్పటికి ఆ చేప దారాన్ని నాచులోకి తీసుకెళ్లి, ముడి వేసి, తన దారిన తాను పోయింది.

అందుకని మనిద్దరికీ ఒక ఒప్పందం రాసుకొచ్చాను. తెల్లారింది మొదలు నాకు బెండు కనబడేంతసేపు నువ్వు సంచిలోంచి బయటికి రాకూడదు. కర్ర ఒక్కటే, అది నా చేతిలో ఉంటుంది. చీకటి పడ్డాక నీ డ్యూటీ. గబ్బిలాలకి లేపకు. హంసలకి అసలు లేపకు. నా మనవడు పక్కనుంటే నన్ను కాదు, వాణ్ణి లేపు. వాడికి బ్లీప్ అంటే ఏమిటో తెలియదు, సంతోషంగా లేస్తాడు.

బ్యాటరీ మార్చాను. నీ గొంతు రెండులో పెట్టాను. పక్కవాడిది పదిలో ఉంది.

ఇట్లు,
నెమలి ఈక కాడ ఇంకా జేబులోనే పెట్టుకు తిరిగే
ఒక డాక్టరు తాత